వైఫై అందినంత దూరం

ముఖచిత్రం: సోనీ పోర్టల్ కోవూరుకు ఎంతవరకు పనికొస్తుంది?

చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ యంత్రాల మీద కథనం అంటే చిప్పు ఏది, తెర ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు అనే పట్టిక మామూలు. ప్లేస్టేషన్ పోర్టల్ దగ్గర ఆ పట్టికను పక్కనపెట్టి, సోనీ దాని వివరాల అడుగున పెట్టిన షరతును ముందు చదవాలి. పీఎస్5 ఉండాలి. కనీసం 5 ఎంబీపీఎస్ వైఫై ఉండాలి. ఆట బాగా సాగాలంటే 15 ఉంటే మేలు. 2024 ఆగస్టు 3న మన దేశంలో 18,990 రూపాయలకు అమ్మకానికొచ్చిన ఈ యంత్రం గుట్టంతా ఇక్కడే ఉంది. ఎనిమిది అంగుళాల తెరకు అటూ ఇటూ పీఎస్5 కంట్రోలర్‌ను రెండుగా కోసి అతికించినట్టుంటుంది. పట్టు బాగుంటుంది, ట్రిగ్గర్ బిగుసుకోవడం, చేతిలో అదురు అన్నీ పెద్ద కంట్రోలర్‌లో లాగే. కానీ ఆట నడిచేది దీంట్లో కాదు, హాల్లో ఉన్న పీఎస్5లో. బొమ్మ రూటర్ మీదుగా చేతిలోకొస్తుంది, మనం నొక్కిన బటన్ అదే దారిన వెనక్కి పోతుంది. కన్సోల్ అంటే మమకారం ఉన్నా ఒప్పుకోక తప్పదు: ఇది చేతి కన్సోల్ కాదు, రెండో టీవీ.

రెండో టీవీగా చూస్తే మాత్రం దీనికి గట్టి వాదనే ఉంది. పెన్నకు ఈవలి గట్టున, నెల్లూరుకు ఎదురుగా ఉన్న కోవూరులో చాలా ఇళ్లకు ఇప్పటికీ హాల్లో టీవీ ఒక్కటే. సాయంత్రం అది సీరియళ్లది, ఐపీఎల్ రోజుల్లో క్రికెట్‌ది. 54,990 పోసి కొన్న డిస్క్ పీఎస్5 ఆ వేళల్లో ఊరికే కూర్చుంటుంది. పోర్టల్ ఉంటే ఆ పేచీ తీరుతుంది. రూటర్ హాల్లో, ఆట పక్క గదిలో అయితే ఇబ్బందేమీ లేదు. మేడ మీదికి వెళితే కథ మారుతుంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలను, స్లాబును దాటేసరికి నీరసపడుతుంది. 2.4కి మారితే ఇరుగుపొరుగు రూటర్లన్నీ అక్కడే ఉంటాయి. బొమ్మ మసకబారినా సర్దుకోవచ్చు గానీ, గోల్ కొట్టాల్సిన క్షణంలో బటన్ ఆలస్యమైతే సర్దుకోలేం.

అసలు చిక్కు కరెంటు. బ్యాటరీ ఉన్న వస్తువు కరెంటు పోయినప్పుడు ఆదుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. పోర్టల్‌లో చార్జింగ్ నిండుగా ఉన్నా పీఎస్5, రూటర్ ఆరిపోతే ఉత్త తెరే. ఊరు దాటినా ఇదే సమస్య వెంట వస్తుంది. కొడుకు చెన్నైలో పీజీ హాస్టల్‌లో, పీఎస్5 కోవూరులో అనుకుందాం. రెస్ట్ మోడ్‌లో ఉన్నంతసేపు పోర్టల్ దాన్ని అక్కణ్ణుంచే లేపుతుంది. మధ్యలో ఒకసారి కరెంటు పోయి వస్తే కన్సోల్ పూర్తిగా ఆగిపోతుంది, దానంతట అది లేవదు. ఇక ఇంటికి ఫోన్ చేసి ‘అమా, ఆ తెల్ల డబ్బా బటన్ ఒకసారి నొక్కవా’ అనాల్సిందే.

ఇప్పుడు నెట్‌కు కొదవేముంది అనొచ్చు. నిజమే, 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ కలిపి ఇస్తామంది. ఆ తర్వాత ప్రైవేటు ఫైబర్, 5జీ కూడా వచ్చాయి. కానీ ప్రకటనల్లో కనిపించేది డౌన్‌లోడ్ వేగం. బయటి నుంచి ఆడేటప్పుడు ఇంటి పీఎస్5 బొమ్మను పైకి పంపాలి, అంటే చూసుకోవాల్సింది అప్‌లోడ్‌ను. పైగా చాలా చోట్ల ఫైబర్ వచ్చేది కరెంటు స్తంభాల మీదుగానే. నెల్లూరు తీరంలో ఈశాన్య రుతుపవనాల వేళ ఆ స్తంభాల మీద ఎంత భరోసా పెట్టుకోవాలో చెప్పనక్కర్లేదు. 2021 నవంబరు వరదకు కోవూరు పక్కనే పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది, జాతీయ రహదారే తెగింది.

ఇంకో ఆక్షేపణ మరింత బలమైనది: రిమోట్ ప్లే యాప్ ఫోన్‌లో ఉచితంగా ఉండగా 19 వేలు దేనికి? ఉన్న కంట్రోలర్‌ను ఫోన్‌కు కలిపితే దాదాపు ఇదే పని జరుగుతుంది. పోర్టల్ అదనంగా ఇచ్చేది పెద్ద తెర, మధ్యలో వాట్సాప్ మోగకపోవడం, ఫోన్ చార్జింగ్ మిగలడం. రోజూ ఆడేవాళ్లకు అవి చిన్నవి కావు. వారానికోసారి ఆడేవాళ్లు యాప్‌తో సరిపెట్టుకోవడమే తెలివి. విదేశీ వీడియోలు చూసి కొనేవాళ్లకు ఇంకో మాట చెప్పాలి. 2025 నవంబరులో పోర్టల్‌కు క్లౌడ్ స్ట్రీమింగ్ వచ్చింది, అంటే పీఎస్5 ఆన్‌లో లేకపోయినా ఆడొచ్చు. అది పీఎస్ ప్లస్ ప్రీమియం చందాదారులకే. 2022లో ఆ చందా అంచెలు తెచ్చినప్పుడు సోనీ మనకు ప్రీమియం ఇవ్వలేదు, డీలక్స్‌తో సరిపెట్టింది. పోర్టల్‌ను నిజంగా చేతి కన్సోల్ చేసే సౌకర్యం మనకు చేరలేదన్నమాట.

చరిత్ర గబగబా: 1980లో నింటెండో గేమ్ అండ్ వాచ్, 1989లో నాలుగు పెన్సిల్ సెల్లులతో గంటల తరబడి నడిచిన గేమ్ బాయ్, 2004లో సోనీ పీఎస్‌పీ, 2011లో వీటా, 2017లో స్విచ్, 2022లో స్టీమ్ డెక్. వీటన్నిటిలో ఆట యంత్రంలోనే ఉండేది. గేమ్ బాయ్‌కు రూటర్ అక్కర్లేదు.

బాక్స్: మిగిలిన సంగతులు

పైన చెప్పిన ధరల్లో పీఎస్5, పోర్టల్ కలిపి 73,980 రూపాయలు. 2023లో ఏసస్ రాగ్ ఆలై మన దగ్గర 69,990కి వచ్చింది. ఆట అందులోనే నడుస్తుంది గనక కరెంటు పోయినా బస్సులో ఉన్నా ఆడొచ్చు. అయితే విండోస్ చిరాకులు భరించాలి, పెద్ద ఆటలకు బ్యాటరీ రెండు గంటలు రావడమే కష్టం. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2ను నింటెండో మన దేశంలో నేరుగా అమ్మడం లేదు, దిగుమతి సరుకే దిక్కు. పోర్టల్‌కు బ్లూటూత్ లేదు, వైరున్న ఇయర్‌ఫోన్స్ దగ్గర పెట్టుకోవడం మేలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ మోడ్‌కు మార్చి, పీఎస్5తో పాటు రూటర్ ప్లగ్‌ను కూడా ఆ లైనుకే కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.