కీచుమంటున్న బ్రేకు ఏం చెబుతోంది?

పాలకేంద్రం ముందు ఆగిన కారు కీచుమని అరుస్తుంది. అరుగు మీద కూర్చున్నవాళ్లు తలెత్తి చూస్తారు. ‘పాత బండి కదా, అంతే’ అని కారాయన నవ్వేసి ఊరుకుంటాడు. అదే కారులో రేపో మాపో ఇంటిల్లిపాదీ తిరుమలకు బయలుదేరతారు. మొదటి ఘాట్ రోడ్డు వంపుల్లో దిగేటప్పుడు అందరి ప్రాణాలూ ఆ బ్రేకు మీదే!

కీచుమన్నప్పుడల్లా కంగారు పడనక్కర్లేదు. రాత్రంతా మంచులోనో, వానలోనో నిలబెట్టిన కారు డిస్కు మీద పలచగా తుప్పు పడుతుంది. పొద్దున నాలుగైదుసార్లు బ్రేకు వేసేసరికి అది రాలిపోయి చప్పుడు ఆగుతుంది. పది కిలోమీటర్లు పోయాక కూడా అరుస్తుంటే మాత్రం చూపించాల్సిందే.

చాలా కార్ల బ్రేకు ప్యాడ్లకు చిన్న ఇనుప రేకు ఉంటుంది. ప్యాడు అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ రేకు డిస్కుకు రాసుకుని కీచుమంటుంది. మనల్ని హెచ్చరించడానికే దాన్ని పెట్టారు. అప్పుడూ పట్టించుకోకపోతే కీచు కాస్తా గరగర అవుతుంది. అంటే ప్యాడు పూర్తిగా అరిగి ఇనుము ఇనుమును కోస్తోందన్నమాట. ఇక ఆ కారు తీయకండి, మెకానిక్కునే ఇంటికి పిలిపించండి. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కుల దాకా వస్తుంది. బ్రేకు వేయకపోయినా గీరుతుంటే, డిస్కుకూ దాని వెనుక రేకుకూ మధ్య కంకర రాయి ఇరుక్కుని ఉండవచ్చు. మన మట్టిరోడ్లకు ఇది మామూలే.

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా కూడా చూడండి. మట్టం తగ్గితే ప్యాడ్లు అరిగినట్టు, లేదా ఎక్కడో కారుతున్నట్టు. ఊరికే నింపేసి మూత పెట్టడం తప్పు.

ఎడ్లబండి ఇరుసు కీచుమంటే కందెన పెట్టడం మనకు అలవాటు. ఆ అలవాటుతో డిస్కు మీద నాలుగు చుక్కల ఆయిల్ వేశారో, చప్పుడుతోపాటు బ్రేకూ పోతుంది! ఆయిల్ పీల్చిన ప్యాడును పారేయాల్సిందే. వేడికి తట్టుకునే బ్రేకు గ్రీజు ప్యాడు వెనుక వైపూ, కాలిపర్ జారే పిన్నులకూ మాత్రమే పూస్తారు.

వెనుక చక్రాల డ్రమ్ముల్లో దుమ్ము చేరినా అరుపు వస్తుంది. ఆ దుమ్మును నోటితో ఊదవద్దు, గాలి కొట్టించవద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తులకు ముప్పు. తడిగుడ్డతో తుడిపించండి.

కొండ దిగి వచ్చాకే కీచు మొదలైందా? దారి పొడవునా బ్రేకు మీద కాలుంచి దిగితే ప్యాడు వేడెక్కి అద్దంలా నున్నబడుతుంది. రెండో గేరులో దిగితే ఇంజనే బండిని కొంత పట్టి ఉంచుతుంది.

ప్యాడ్లు మార్చేటప్పుడు రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. బిగించాక కారు కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా నొక్కుతూ ఉండాలి. లేకపోతే మొదటిసారి పెడల్ నేలకు తగులుతుంది, కారు ఆగదు. షెడ్డు నుంచి బండి తెచ్చుకునేటప్పుడు ఆ పని మీ కాలితోనే చేసి చూసుకోండి.