కెమెరాకి తెరిచే తలుపు మనకెప్పుడు తెరుస్తారు?

ఒక చిన్న ప్రశ్న. మండువా లోగిలిని మీరు ఎన్నిసార్లు చూశారు? వేళ్ళు మడవనక్కర్లేదు, లెక్క తేలదు. హీరోయిన్ తడిజుట్టు ఆరబెట్టుకుంటూ మండువా చుట్టూ తిరుగుతుంది. పెదనాన్నగారు ఉయ్యాలబల్ల మీద ఊగుతూ చుట్ట కాలుస్తుంటారు. హీరో అలిగి అరుగుమీద పడుకుంటాడు. ఆఖరి రీల్లో ఇంటిల్లిపాదీ ఆ మండువాలోనే కళ్ళు తుడుచుకుని ఒక్కటవుతారు. అవునా?

సరే. ఇప్పుడు రెండో ప్రశ్న. అలాంటి ఇంట్లో మీరు ఎన్నిసార్లు కాలు పెట్టారు?

అదీ సంగతి! హైదరాబాదు పాఠకుల్ని కాదు నేనడిగేది. రాజమండ్రి, అమలాపురం, రామచంద్రపురం, పాలకొల్లు, నరసాపురం వాళ్ళని అడుగుతున్నాను. పక్క వీధిలో ఉన్న ఇంటిని హాలుకి వెళ్ళి, టిక్కెట్టు కొనుక్కుని తెరమీద చూసి వచ్చేవాళ్ళే మనలో ఎక్కువమంది.

తాళంచెవుల తాత చెప్పిన మాట

కోనసీమలో ఒక ఊరు. పేరు వద్దులెండి. వీధి మొదట్లోనే పెద్ద లోగిలి. ఎత్తరుగులు, చెక్కడపు గుమ్మం, గుమ్మానికి అరచేయంత తాళం. అరుగుమీద ఒక తాత కూర్చుని కొబ్బరీనెలు చీరుతున్నాడు. నన్ను, నా భుజానికున్న కెమెరాని ఎగాదిగా చూశాడు.

"ఎవరండి? షూటింగోరాండి?"

"కాదు తాతా. ఇల్లు ఒక్కసారి చూసి పోదామని."

"అయితే లాభం లేదండి. షూటింగోళ్ళయితే అయ్యగారు ఫోను చేసి చెప్తారండి, తలుపులు తీసేత్తాను. ఊరికే చూత్తామన్నోళ్ళకి తియ్యొద్దన్నారండి. ఆయ్!"

"పోనీ, మీ ఊరివాళ్ళెవరైనా లోపల చూశారా?"

"మా మనవడు చూశాడండి."

"ఎప్పుడు?"

"సినిమాలో చూశాడండి!"

తాత నవ్వాడు. నేనూ నవ్వాను. కారెక్కాక మాత్రం నవ్వు రాలేదు. ఊళ్ళో పుట్టి పెరిగిన కుర్రాడు ఊళ్ళో ఉన్న ఇంటిని తెరమీద చూడాల్సి రావడం నవ్వుకుని ఊరుకునే విషయమా?

ఇంటివారి మాటా వినాలి

అయ్యగారిని తిట్టిపోయడం తేలిక. కాని ఆయన వైపునుంచి చూడండి. అన్నదమ్ములు నలుగురు, వాటాలు నాలుగు. ఒకరు హైదరాబాదు, ఒకరు బెంగుళూరు, ఒకరు అమెరికా. ఏటా పెంకు నేయించాలి. దూలాలకి చెదపట్టకుండా చూసుకోవాలి. వచ్చినవాడు గోడమీద పేరు చెక్కి పోతే? గుమ్మానికున్న ఇత్తడి పువ్వు ఊడబీక్కుపోతే? షూటింగువాళ్ళయితే అద్దె ఇస్తారు, పోయిన దానికి పూచీ పడతారు. మీరూ నేనూ ఏమిస్తాం? "అబ్బ, ఎంత బాగుందండీ" అనడం తప్ప!

కాబట్టి తాళం వేసుకున్నారని కోపం వద్దు. కాని తాళం వేసిన ఇల్లు బతకదు. పొయ్యి వెలగని ఇంట్లో చెద చేరుతుంది. ఒక పెంకు జారితే వాననీరు దూలంలోకి దిగుతుంది. నాలుగేళ్ళు గడిచాక కలప కొనేవాళ్ళు బేరానికి వస్తారు. ఆ టేకు కూడా మామూలు టేకు కాదు. ఆ రోజుల్లో మన్యంలో కొట్టి, తెప్పలుగా కట్టి, గోదావరి మీద తేల్చుకుంటూ తెచ్చిన కలప. స్తంభాలు ఒక లారీ, తలుపులు ఒక లారీ ఎక్కుతాయి. వీధిలో వాళ్ళు నిలబడి చూస్తారు. ఎవరూ "అయ్యో" అనరు. ఎందుకంటారు? లోపల ఏముందో వాళ్ళకి ఎప్పుడూ తెలియదు కదా!

నేను చెప్పదలుచుకున్నదంతా ఇదే. చూడని ఇంటికోసం ఎవరూ బాధపడరు. ఊరు కాపాడాలంటే ముందు ఊరు చూడాలి.

రెండురోజుల తెరుపు

ఈ చిక్కు మనకొక్కళ్ళకే లేదు. ఫ్రాన్సు దేశంలో 1984లో సంస్కృతీశాఖ మంత్రి జాక్ లాంగ్ ఒక పని మొదలుపెట్టాడు. ఏడాదిలో ఒక ఆదివారం పాత కట్టడాల తలుపులన్నీ జనానికి తెరిపించాడు. రోజూ తెరిచేవే కాదు, మామూలు మనిషి గుమ్మం తొక్కలేని భవనాలు కూడా అందులో చేరాయి. 1991లో అది యూరపు దేశాల పండుగ అయి కూర్చుంది. లండనులో 1992లో ఇలాంటిదే మొదలైంది. అక్కడ శని ఆదివారాల్లో ఆఫీసులు, బళ్ళు, మామూలు మనుషులు కాపురముండే ఇళ్ళు కూడా తెరుస్తారు. ఇల్లుగలాయనే గుమ్మంలో నిలబడి "రండి, ఇది మా వంటిల్లు" అని చూపిస్తాడట. ఊహించుకోండి!

అంత దూరం ఎందుకు? హైదరాబాదు బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉంది. దక్షిణాది విడిదికి వచ్చినప్పుడు రాష్ట్రపతి బసచేసే భవనం. చాలా ఏళ్ళపాటు ఏడాదికి కొద్దిరోజులే అక్కడికి జనాన్ని రానిచ్చేవారు. ఆ కొద్దిరోజులకే పిల్లాపాపలతో బారులు తీరేవారు. చివరికి 2023 మార్చి నుంచి ఏడాది పొడుగునా తెరిచి ఉంచుతున్నారు. చూశారా? ముందు కొద్దిరోజులు తెరిచిన తలుపే తర్వాత పూర్తిగా తెరుచుకుంది.

"మనకి ఇవన్నీ అలవాటు లేవండీ" అనేవాళ్ళకి ఒక మాట. సంక్రాంతి బొమ్మల కొలువు మాటేమిటి? "మా ఇంట్లో కొలువు పెట్టాం, పేరంటానికి రండి" అని వీధి వీధంతా పిలిచే అలవాటు మనదే కదా! ఆ సాయంత్రం ఎంత పెద్దింటి తలుపయినా బార్లా తెరిచే ఉంటుంది. పిల్లలు మెట్లమీద బొమ్మలు చూసి, అమ్మలు పసుపుకుంకాలు పుచ్చుకుని, గుప్పెడు శనగలు కొంగున కట్టుకుని వస్తారు. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. బొమ్మలకి బదులు ఈసారి ఇల్లే కొలువు తీరుతుంది, అంతే తేడా!

పైగా ఆ అమెరికా అన్నయ్య, బెంగుళూరు తమ్ముడు ఊరికి వచ్చేదీ సంక్రాంతికే. తాళాలు ఎలాగూ తీస్తారు. ఇల్లు కడుగుతారు, గుమ్మాలకి పసుపు రాస్తారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కోనసీమంతా కదులుతుంది. ఆ పండుగ పక్కనే ఒక శని ఆదివారాలు చూసుకుంటే చాలదూ?

మొదటి రోజు: రాజమండ్రి

నన్నడిగితే శనివారం రాజమండ్రిలో మొదలుపెడతాను. హీరోలాగా రైలు దిగండి, ఏరు కనబడేదాకా నడవండి. ఎదురుగా పాత హేవ్‌లాక్ వంతెన. 1897లో పని మొదలైంది, 1900 ఆగస్టులో రైలు నడిచింది. 56 స్పాన్లు. తొంభై ఏడేళ్ళు మద్రాసు మెయిళ్ళని, కలకత్తా మెయిళ్ళని మోసింది. సినిమాల్లో చేరాలని మద్రాసు రైలెక్కిన ఈ జిల్లాల కుర్రాళ్ళెందరో ఈ వంతెన మీదే ఏట్లో పైస విసిరి దండం పెట్టుకున్నారు. 1997లో దానికి విశ్రాంతి ఇచ్చారు. 2025 జూన్‌లో 'అఖండ గోదావరి' పథకానికి శంకుస్థాపన జరిగింది. ఈ వంతెనని చూడచక్కగా తయారుచేయడం కూడా అందులో ఉంది. అది పూర్తయ్యేలోగా ఒక్క ఉదయం, గట్టి ఏర్పాట్లతో, నాలుగు స్పాన్ల దాకా నడవనిస్తే? కింద గోదావరి, పైన గాలి... ఏ పాట చిత్రీకరణకి తక్కువ!

అక్కణ్ణుంచి కందుకూరి వీరేశలింగంగారి ఇల్లు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిగిన ఇల్లు. ఊరు ఊరంతా ఎదురుతిరిగిన రాత్రి అది. ఏ సినిమా క్లైమాక్సు చాలుతుంది చెప్పండి? ఆయన కట్టించిన టౌనుహాలూ ఆ ఊళ్ళోనే ఉంది. తర్వాత దామెర్ల రామారావు చిత్రకళాశాల. 1897లో పుట్టి 1925లోనే, ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండా మశూచితో కన్నుమూసిన కళాకారుడాయన. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ప్రోత్సాహంతో ఎదిగాడు. అదే దొర శిష్యుడు అడివి బాపిరాజు తర్వాత మన సినిమాలకి కళాదర్శకుడయ్యాడు. అంటే మన తెరమీది రంగుల పుట్టిల్లు ఎక్కడో చూశారుగా!

కొంచెం ఆగండి. ఈ ఇల్లూ ఈ చిత్రశాలా మూసినవి కావు, తెరిచేవే. మరి మనం ఎన్నిసార్లు వెళ్ళాం? "ఎప్పుడైనా చూడొచ్చులే" అనుకున్నది ఎప్పటికీ చూడం. పండుగంటూ ఒకటి పెడితేనే మనం కదులుతాం. తీర్థానికయితే పదిమైళ్ళు నడిచే జాతి మనది!

సాయంత్రం ఒక పాత సినిమాహాలు. హాలు చూడ్డానికి కాదు, పైనున్న ప్రొజెక్టరు గది చూడ్డానికి. మనం జీవితమంతా దానికి వీపు పెట్టుకునే కూర్చున్నాం! రెండు యంత్రాలు. కార్బన్ కడ్డీల వెలుగు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. తెర కుడివైపు పైమూల ఒక చుక్క మెరవగానే రెండో యంత్రం అందుకోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే నేల తరగతి ఈలలు! డిజిటల్ వచ్చాక ఆ పని పోయింది. ఆ పని చేసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆ రెండురోజులూ వాళ్ళే మనకి హీరోలు.

రెండో రోజు: ఊళ్ళు

ఆదివారం పొద్దున్నే ధవళేశ్వరం. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ఆనకట్ట కట్టించిన చోటు. ముళ్ళపూడి వెంకటరమణ పుట్టిన ఊరూ అదే. ఏరు దాటితే ఆత్రేయపురం. పూతరేకులు కట్టించుకుని పక్కనే ఉన్న పులిదిండికి వెళ్దాం. 1967లో బాపు దర్శకుడిగా తొలిచిత్రం 'సాక్షి' తీసింది అక్కడే. స్టూడియోల సెట్టింగులు రాజ్యమేలే రోజుల్లో ఊరినే సెట్టు చేసుకున్నారు. ఆ తర్వాత ఎన్ని యూనిట్లు గోదావరి దారి పట్టాయో లెక్కలేదు.

ఆపైన మండువా లోగిళ్ళు. సినిమావాళ్ళకి వీటిమీద ఎందుకంత మోజో లోపల నిలబడితే తెలుస్తుంది. నాలుగు పక్కలా వసారాలు, నడిమధ్య ఆకాశం. వెలుగు పైనుంచి మెత్తగా దిగుతుంది. స్టూడియోలో లైట్లు వేలాడగట్టి సాధించే వెలుగుని ఇక్కడ సూర్యుడు ఉచితంగా ఇస్తాడు. కెమెరా ఏ వసారాలో పెట్టినా ఎదుటి వసారా మొత్తం కనిపిస్తుంది. వానొస్తే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలోకి దిగి తూముగుండా పెరట్లోకి పోతాయి. ఇదంతా కట్టినవాడు ఏ కాలేజీలోనూ చదవని మేస్త్రి, వడ్రంగి.

ఒకటి పోయింది, ఒకటి ఒరిగింది

1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టి 'సంపూర్ణ రామాయణం' తీశారు. తెలుగు సినిమా అంతా మద్రాసు, బొంబాయి, కలకత్తాలవైపు చూస్తున్న రోజులవి. గోదావరి ఒడ్డున స్టూడియో! అది ఎక్కువకాలం నిలవలేదు. ఆ చోటు ఎక్కడని ఊళ్ళో కుర్రాళ్ళని అడిగి చూడండి. చెప్పగలిగినవాడికి నా తరఫున ఒక సోడా.

కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున నిద్రగన్నేరు చెట్టు ఉండేది. జనం దాన్ని 'సినిమా చెట్టు' అనేవారు. దానికింద ఎన్ని పాటలు, ఎన్ని పంచాయితీలు! 2024 ఆగస్టులో అది ఒరిగిపోయింది. జనం బళ్ళు కట్టుకుని వచ్చి చూశారు, మనిషి పోయినట్టు బాధపడ్డారు. ఎందుకు? ఆ చెట్టుకి తాళం లేదు. దానికింద ఎవరైనా కూర్చున్నారు, ఫొటో దిగారు, చద్దిమూట విప్పుకున్నారు. అది అందరిదీ అయింది కాబట్టి అందరూ ఏడ్చారు. స్టూడియో జ్ఞాపకంలో లేకుండా పోయింది, చెట్టు ఒరిగినా జ్ఞాపకంలో నిలిచింది. మన లోగిళ్ళకి ఈ రెండింట్లో ఏ గతి పట్టాలి?

మరి చెయ్యడమెలా?

పెద్ద డబ్బు అక్కర్లేదు. ఇంటివారు ఒప్పుకుంటేనే తలుపు తెరవాలి, బలవంతం వద్దు. ఇల్లంతా చూపక్కర్లేదు, మండువా వరకూ చాలు. ఒకసారికి పదిమంది, చెప్పులు వీధిలో. ఊరి కాలేజీ పిల్లలే కాపలా, వాళ్ళే కథ చెప్పేవాళ్ళు. ముందే ఇంటి ముసలమ్మగారి దగ్గర కూర్చుని ఆ కథ నేర్చుకోవాలి. గది గదికీ ఒక మనిషి ఉంటే ఇత్తడి పువ్వు ఎక్కడికీ పోదు. రెండురోజులయ్యాక ఊడ్చి, ముగ్గేసి, తాళంచెవులు చేతికివ్వాలి. మరుసటేడు వాళ్ళే పిలుస్తారు.

మొదటి ఏడు ఒక వీధిలో రెండిళ్ళు తెరిచినా చాలు. సినిమా మొదటి ఆటకి హాలు నిండకపోయినా, బాగుందన్న మాట బయటికి వస్తే సాయంత్రానికి టిక్కెట్లు దొరకవు. ఆ సంగతి సినిమా పాఠకులకి నేను చెప్పాలా?

ఈ సంక్రాంతికి మీ ఊరు వెళ్తారుగా. అభిమాన తార సినిమాకి మొదటిరోజు టిక్కెట్టు సంపాదించే మీ చాకచక్యంలో పదోవంతు ఇక్కడ ఖర్చుపెట్టండి. వీధి చివర పెద్దింటి గుమ్మంలో నిలబడి, "బాబాయిగారూ, ఒక్కసారి లోపల చూసి వస్తామండీ" అని అడగండి. కాదంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. సరేనంటే మాత్రం ఒంటరిగా వెళ్ళొద్దు. ఆ తాత మనవడిలాంటి వాడొకడు మీ ఊళ్ళోనూ ఉంటాడు, వాణ్ణి వెంటపెట్టుకెళ్ళండి.