కొయ్యకలం

తునికి చెట్టు పేరు వినగానే పాలమూరు, నల్లగొండ ప్రాంతాల వారికి ముందుగా స్ఫురించేది దాని ఆకు. వేసవిలో తునికాకును సేకరించి, కట్టలు కట్టి, ఆరబెట్టి బీడీల తయారీకి పంపుతారు. తియ్యని తునికి పండు నల్లమల చెంచులకు అడవి ప్రసాదించే ఆహారాల్లో ఒకటి. ఈ రెండింటి చాటున మరొక సంపద మరుగున పడింది. బాగా ముదిరిన తునికి మ్రాను నడుమ నల్లని చేవ ఏర్పడుతుంది. పాశ్చాత్యులు దీనిని 'కోరమాండల్ ఎబొనీ' అని వ్యవహరించారు. కర్రలోని ఈ గట్టిదనానికి పెట్టిన పేరునే తెలుగువారు మనిషి సత్తువకూ వర్తింపజేశారు. 'చేవగలవాడు' అనడంలోని సొగసు అదే.

చేవకర్రతో కలం చేయడం ఓర్పుతో కూడిన పని. పచ్చికర్ర ఆరేకొద్దీ ముడుచుకొని నెర్రెలు వారుతుంది. కనుక దానిని నీడన నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి ఆరనివ్వాలి. ఆ తరువాత జానెడు ముక్కను చదరంగా కోసి, నిలువునా బరమాతో రంధ్రం చేస్తారు. ఇక్కడే ఎక్కువ ముక్కలు పాడవుతాయి. గట్టి కర్రలో బరమా వేగంగా తిరిగితే వేడి పుట్టి కర్ర పగులుతుంది. అందుచేత కొద్దికొద్దిగా తొలుస్తూ, మధ్యమధ్య బరమాను వెలికి తీసి పొట్టు రాల్చాలి. రంధ్రంలో పలుచని ఇత్తడి గొట్టాన్ని అతికించి, ముక్కను తరిమెనకు ఎక్కించి, పదునైన ఉలితో గుండ్రంగా చెక్కుతారు. గరుకు కాగితంతో రుద్ది మైనం పట్టిస్తే నల్లని మెరుపు వస్తుంది. ఎబొనీ జాతి కర్రల ధూళి ఊపిరితిత్తులకూ చర్మానికీ హాని చేస్తుంది కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోక తప్పదు.

కర్ర తడిని పీల్చుకుంటుంది. అందుకే సిరాను నేరుగా అందులో పోయరు. ఈ లోపం లేని పదార్థం పంతొమ్మిదో శతాబ్దిలో వచ్చింది. రబ్బరులో గంధకాన్ని అధికంగా కలిపి వేడిచేయగా ఏర్పడిన ఆ నల్లని గట్టి పదార్థం ఎబొనీని పోలి ఉండడంతో దానికి 'ఎబొనైట్' అని పేరు పెట్టారు. స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నం 1932లో ప్రారంభించిన రత్నం కలాలు ఎబొనైట్‌తో చేసినవే. వాటినీ తరిమెనపైనే చెక్కుతారు. తనకు అందిన కలాన్ని మెచ్చుకుంటూ గాంధీజీ 1935లో లేఖ రాశారు.

మరి కొయ్యకలానికి చేవ ఎక్కడిది? ఆకు కోసం ఏటా కొట్టి చిగురింపజేసే తునికి పొదల్లో చేవ పట్టదు. పెద్ద మ్రాకులున్న నల్లమల భాగం నేడు నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ గొడ్డలి పెట్టరాదు, పెట్టవలసిన అవసరమూ లేదు. కలానికి కావలసింది చెట్టు కాదు, జానెడు ముక్క. పాత ఇళ్లలో మూలన పడిన సండ్ర రోకళ్లు, విరిగిన బండిచక్రాల నల్లతుమ్మ ఆకులు వెతికితే ఇంకా దొరుకుతాయి. అవి దశాబ్దాలుగా ఆరిన కర్రలు గనుక నెర్రెల భయం తక్కువ. అయితే తరిమెనకు ఎక్కించే ముందు లోపల ఇనుపచీల విరిగి ఉన్నదేమో చూసుకోవాలి. తిరిగే ముక్కలో అది తగిలితే ఉలి అంచు విరగడమే కాక చేతికి గాయమవుతుంది.