సీమకెళ్ళిన తెప్ప

ఇంగ్లీషులో 'కేటమరాన్' అని ఒక మాట వుంది. నిఘంటువు తీసి చూస్తే దాని అర్థాలకు ఒకదానితో ఒకటికి పొత్తు కుదరదు. దుంగల తెప్ప ఒక అర్థం, జోడు పడవ ఇంకొకటి, గయ్యాళి మరొకటి! ఒక్క మాటకు ఇన్ని వేషాలెలా వచ్చాయి?

ఈ మాట పుట్టిల్లు తమిళం. కట్టు, మరం: అంటే కట్టిన మాను. తమిళుల మరం, మన మ్రాను ఒక్క వేరు నుంచి వచ్చినవే. తేలిక కలప దుంగలను చెక్కి, పక్కపక్కన పేర్చి బిగిస్తే కట్టుమరం. దాన్నే మన జాలర్లు తెప్ప అంటారు. పైకెక్కిన నీళ్ళు దుంగల సందుల్లోంచి జారిపోతాయి గనుక అది నిండి మునగడమంటూ లేదు. మద్రాసులో రేవు కట్టక పూర్వం, కెరటాలకు పడవలు జంకిన రోజున కూడా ఓడలకు ఉత్తరాలు చేరవేసినవి ఈ తెప్పలే.

డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1697లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో కోరమాండల్ తీరపు ఈ తెప్పలను పేరుతో సహా వర్ణించాడు. ఇక మాట సీమ చేరింది. 1804లో బులోన్ రేవులోని నెపోలియన్ నావలను పేల్చివేయాలని ఇంగ్లీషువారు వదిలిన మందుగుండు పెట్టెలకు అదే పేరు పెట్టారు. తరువాత పోట్లాటమారి ఆడమనిషికీ అదే బిరుదయింది. మాట మొదట్లో 'కేట్', అంటే పిల్లి, వినిపించడంవల్ల కాబోలు! 1876లో హెరెషాఫ్ అనే అమెరికన్ రెండు సన్నని పడవలను జతచేసి, తెరచాప ఎత్తి, న్యూయార్కు పందెంలో మిగతా పడవలను వెనక్కి నెట్టాడు. ఆ జోడు పడవా కేటమరానే అయింది. నేడు లోకానికి బాగా తెలిసిన అర్థం ఇదే.

ఇచ్ఛాపురం దగ్గర, సముద్రపుటొడ్డున వున్న డొంకూరులో ఒక ముసలి జాలరికి ఈ కథంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "ఏ పేరెడితే ఏటి బాబూ! కట్టు ఊడకుండా ఉండాల గానీ" అన్నాడు.

ఆ కట్టే ఇప్పుడు ఊడుతోంది. ఒడ్డున ఫైబరు పడవలు, మోటార్లు వచ్చాయి. దుంగలు చెక్కే చేతులు తగ్గిపోతున్నాయి. మోటారు పడవ సుఖాన్ని జాలరికి వద్దనడానికి మనమెవరం? కాని మీ పిల్లలు ఈ మాటకు అర్థమడిగితే మాత్రం జోడు పడవ అని చెప్పి ఊరుకోకండి. మొదటి అర్థం మన తెప్ప అని చెప్పండి.