షెరీఫ్ చేరని మెట్టసీమ

హైదరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారిపై కోదాడ, రామాపురం క్రాస్‌రోడ్డు దాటి ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెడితే ముందు తగిలే ఊరు జగ్గయ్యపేట దగ్గరి గరికపాడు. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఇక్కడి చెక్‌పోస్టు అందరి నోళ్లలో నానింది. కరోనా రోజుల్లో ఎందరో పాసు చేతపట్టుకుని పడిగాపులు పడింది ఇక్కడే. 2024 సెప్టెంబరులో పాలేరు వాగు పొంగి ఇక్కడి వంతెన దెబ్బతింటే విజయవాడ బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

చెక్‌పోస్టులా దారి కాయడం, శిస్తు రాబట్టడం, తగవు తీర్చడం. పాత ఇంగ్లండులో ఈ పనులు చూసిన అధికారి షెరీఫ్. 1726 చార్టరుతో ఆ పదవి మద్రాసుకూ వచ్చింది. కోర్టు సమన్లు అందించడం, తీర్పులు అమలు చేయడం అతని పని. రానురాను గౌరవ హోదాగా మిగిలి, 1998లో రద్దయింది. అతని అధికారమంతా మద్రాసు నగరం వరకే. ఈ జగ్గయ్యపేట మెట్టసీమలో ఆ పెత్తనం జమీందారుదే.

కృష్ణ ఒడ్డున చింతపల్లి నుంచి ఏలిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడికి ‘మన్నె సుల్తాన్’ అని బిరుదు. బేతవోలును పట్టణంగా తీర్చి, తండ్రి జగ్గయ్య పేరిట జగ్గయ్యపేట అని పేరు పెట్టింది ఆయనే. తర్వాత కాపురం అమరావతికి మార్చాడు. అక్కడ కట్టడాల రాళ్ల కోసం దిబ్బ తవ్విస్తే బౌద్ధ స్తూపం బయటపడింది. కుంపిణీ అధికారి కాలిన్ మెకంజీ 1797లో వెళ్లి చూశాడు. 1802 శాశ్వత శిస్తు ఏర్పాటుతో జమీందారులు కుంపిణీకి ఏటా పేష్కషు కట్టేవాళ్లయ్యారు. పోలీసు అధికారం వాళ్ల చేయి జారింది.

జగ్గయ్యపేటకూ సొంత స్తూపం ఉంది. ధనంబోడు గుట్ట మీద 1882లో పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్ దాన్ని తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏటి శాసనం అక్కడిదే. అంతకు మూడు వందల ఏళ్ల ముందటి ఒక పలక మరీ అపురూపం. దాని మీద గొడుగు నీడన చక్రవర్తి కుడిచేయి పైకెత్తి నిలబడ్డాడు. మబ్బులోంచి నలుచదరపు నాణేలు కురుస్తున్నాయి. చుట్టూ ఏడు రత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, కోశాధికారి, మంత్రి. ఏడింటిలో రెండు కొలువు ఉద్యోగాలే! రెండు వేల ఏళ్ల కిందటి శిల్పి వాళ్లను రాజు పక్కనే నిలబెట్టాడంటే, ఉద్యోగానికి అప్పుడే ఎంత మన్నన ఉండేదో చూడండి.

విజయవాడ నుంచి జగ్గయ్యపేట దాదాపు 80 కిలోమీటర్లు. బస్సులకు కొదవ లేదు. గుట్టకు ఎండ ముదరకముందే వెళ్లండి. చక్రవర్తి పలకను చూడాలంటే మాత్రం చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లాల్సిందే.