శాస్త్రజ్ఞుని కాగితములు

మన పల్లెలలో పసిబిడ్డల నోటవేయు పోలియో చుక్కలమందును రూపొందించినవాఁడు ఆల్బర్టు సేబిన్. ఆయన 1993లో గతించెను. ఆయన యుత్తరములు, ప్రయోగపు లెక్కలు అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నవి.

1959లో నా మందును సోవియట్టు దేశమున చుమకోవ్ అను వైద్యుఁడు లక్షలాది శిశువులకిచ్చి పరీక్షించెను. ప్రభుత్వముల నడుమ వైరము. శాస్త్రజ్ఞుల నడుమ నుత్తరములు. అచ్చుగ్రంథమున ఫలితమే యుండును. దాని వెనుకటి సందేహము, పొరపాటు, స్నేహము కాగితములలోనే దొరకును.

కావున వానిని కాపాడువారు తుప్పుపట్టు గుండుసూదులను తీసివేయుదురు. ఆమ్లములేని పెట్టెలలో నుంచుదురు. ఆయన యమర్చిన వరుసను చెదరనీయరు. రోగుల పేళ్లను బయటఁబడనీయరు.

చెదలకు పండితపామరభేదము లేదు. మీ యూరి వైద్యుని పాతపుస్తకములను తూకమున కమ్మకముందు ఒక్కమాఱు విప్పి చూడుఁడు.