పాతబడిన బ్యాటరీలు – ఇంట్లో సురక్షితమైన ఛార్జింగు: శాస్త్రీయ పరిశీలన

వ్యాససంగ్రహం:

మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోగల బ్యాటరీలు నేడు గృహజీవనంలో అంతర్భాగమయ్యాయి. ఇన్వర్టరులోని సీసం-ఆమ్లం బ్యాటరీ, కెమెరాలలోనూ ఆటబొమ్మలలోనూ వాడే నికెల్ సెల్లులు, ఫోను మొదలుకొని విద్యుత్ స్కూటరు వరకు విస్తరించిన లిథియం-అయాన్ బ్యాటరీ రసాయనికంగా పరస్పర భిన్నమైనవి. అయినప్పటికీ పాతబడే కొద్దీ ఈ మూడింటిలోనూ ఒకే రకమైన సమస్య తలెత్తుతుంది. బ్యాటరీ స్వభావం మారిపోతుంది. సాధారణ ఛార్జరు మాత్రం కొత్త బ్యాటరీకి నిర్ణయించిన పద్ధతిలోనే పనిచేస్తూ ఉంటుంది. ఈ అంతరం ప్రమాదానికి ఎలా దారితీస్తుందో, దానిని గృహస్థులు ఎలా గుర్తించవచ్చో, ఏ దశలో ఛార్జింగును పూర్తిగా మానివేయాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బ్యాటరీ, ఛార్జింగు, అంతర్నిరోధం, సీసం-ఆమ్లం, నికెల్-మెటల్ హైడ్రైడ్, లిథియం-అయాన్, గృహభద్రత.

1. ఉపోద్ఘాతం:

1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే సీసపు పలకలతో మళ్లీ ఛార్జి చేయగల బ్యాటరీని రూపొందించాడు. 1899లో స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ నికెల్-కాడ్మియం బ్యాటరీని కనుగొన్నాడు. 1991లో సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని విపణిలోకి తెచ్చింది. ఈ ఆవిష్కరణలో ఒకటి వచ్చి మరొకదానిని పూర్తిగా తొలగించలేదు. ఫలితంగా మూడు తరాల సాంకేతికత నేడు ఒకే ఇంటి కప్పు కింద కనిపిస్తుంది. కాని వాడుకరి మాత్రం మూడింటినీ ఒకే విధంగా చూస్తాడు: తీగను తగిలించడం, దీపం రంగు మారేదాకా వేచి ఉండడం.

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ, విజయవాడలోనూ ఇళ్లలో ఛార్జింగులో ఉన్న విద్యుత్ స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణనష్టం జరిగింది. ఆ దుర్ఘటనలకు బ్యాటరీ పాతబడటమే కారణమని చెప్పడానికి వీలులేదు. అయితే మనుషులు నివసించే గదిలో బ్యాటరీ విఫలమైతే పరిణామం ఎంత తీవ్రంగా ఉంటుందో అవి చూపాయి. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం విద్యుత్ ద్విచక్రవాహనాల బ్యాటరీలకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినతరం చేసి, 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశలలో అమలులోకి తెచ్చింది. ప్రమాణాలు కొత్తగా తయారయ్యే వాహనాలను నియంత్రిస్తాయి. ఇప్పటికే ఇళ్లలో ఉండి పాతబడుతున్న బ్యాటరీల బాధ్యత వాడుకరి అవగాహన పైనే ఆధారపడి ఉంటుంది.

2. బ్యాటరీ పాతబడటం – మూడు మార్పులు:

బ్యాటరీ పాతబడటాన్ని "బ్యాకప్ తగ్గింది" అనే ఒక్కమాటతో వ్యవహరించడం పరిపాటి. నిజానికి ఇందులో మూడు మార్పులు కలిసి ఉంటాయి.

మొదటిది నిల్వసామర్థ్యం తగ్గడం. 150 ఆంపియర్-గంటల ఇన్వర్టరు బ్యాటరీని సామర్థ్యంలో పదోవంతు, అంటే 15 ఆంపియర్ల ప్రవాహంతో ఛార్జి చేయడం సాధారణ పద్ధతి. ఆ బ్యాటరీ సామర్థ్యం సగానికి పడిపోయి 75 ఆంపియర్-గంటలుగా మిగిలితే, అదే 15 ఆంపియర్లు ఇప్పుడు దాని సామర్థ్యంలో అయిదోవంతు అవుతాయి. ఛార్జరు అమరికను ఎవరూ మార్చలేదు. అయినా బ్యాటరీపై భారం రెట్టింపయింది.

రెండవది అంతర్నిరోధం పెరగడం. ప్రవాహవర్గాన్ని నిరోధంతో గుణిస్తే వెలువడే ఉష్ణం తెలుస్తుంది. 30 మిల్లీఓముల అంతర్నిరోధం గల సెల్లులో 2 ఆంపియర్లు ప్రవహిస్తే 0.12 వాట్ల ఉష్ణం పుడుతుంది. నిరోధం 120 మిల్లీఓములకు పెరిగితే అదే ప్రవాహానికి 0.48 వాట్లు, అంటే నాలుగు రెట్లు, పుడుతుంది. పాత బ్యాటరీ ఛార్జింగులో వేడెక్కడానికి మూలం ఇదే.

మూడవది సెల్లుల మధ్య అసమానత. బ్యాటరీ అనేది వరుసగా కలిపిన సెల్లుల సముదాయం. అవన్నీ ఒకే వేగంతో పాతబడవు. సాధారణ ఛార్జరుకు తెలిసేది మొత్తం వోల్టేజీ మాత్రమే. ఆ మొత్తంలో ఏ సెల్లు వాటా ఎంతో దానికి తెలియదు. ఈ మూడింటిలోనూ బయటికి కనిపించనిది, అందువల్ల అత్యంత ప్రమాదకరమైనది ఈ అసమానతే.

3. సీసం-ఆమ్లం బ్యాటరీ:

12 వోల్టుల ఇన్వర్టరు బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి. ఒక్కొక్కటి సుమారు 2 వోల్టులు ఇస్తుంది. వాడేటప్పుడు పలకలపై లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. ఛార్జి చేసేటప్పుడు అది కరిగి తిరిగి సీసంగా, లెడ్ డయాక్సైడ్‌గా మారుతుంది. బ్యాటరీని చాలాకాలం అరకొర ఛార్జితో వదిలివేస్తే సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారి, ఛార్జింగుకు లొంగదు. ధనఫలకపు జాలకం క్రమంగా తుప్పుపడుతుంది. రాలిన పదార్థం అడుగున పేరుకొని పలకలను కలిపితే ఆ సెల్లు అంతర్గతంగా షార్టు అవుతుంది.

సెల్లు వోల్టేజీ సుమారు 2.4 వోల్టులకు చేరినప్పుడు నీరు విఘటనం చెంది హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు గణనీయంగా వెలువడతాయి. ఆరు సెల్లులకు ఇది 14.4 వోల్టులు. నిండిన బ్యాటరీని నిలకడగా ఉంచడానికి ఛార్జర్లు సుమారు 13.8 వోల్టులను, అంటే సెల్లుకు 2.3 వోల్టులను అందిస్తాయి. ఇప్పుడు ఒక సెల్లు షార్టయిందనుకుంటే, అదే 13.8 వోల్టులు మిగిలిన అయిదింటికి పంపిణీ అవుతాయి. ఒక్కొక్కదానికి 2.76 వోల్టులు వస్తాయి. "నిండింది, ఇక నిలకడ ఛార్జి" అని ఛార్జరు భావిస్తున్న దశలోనే ఆ అయిదు సెల్లులు తీవ్రమైన అధికఛార్జికి గురవుతాయి. నీరు త్వరగా తరిగిపోతుంది, పెట్టె వేడెక్కుతుంది, కొన్నిసార్లు కుళ్లిన కోడిగుడ్డు వాసనతో విషవాయువైన హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. ఈ వాసన వచ్చినప్పుడు చేయవలసినది నీళ్లు పోయడం కాదు. వీలైతే సరఫరాను ఆపి, తలుపులు కిటికీలు తెరిచి, గది నుంచి బయటికి రావడం.

గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వకైనా అంటుకుంటుంది. మెట్ల కింద మూసిన అరలో బ్యాటరీని ఉంచడం, పక్కనే దీపం లేదా అగరువత్తి వెలిగించడం ఈ కారణంగా అనర్థదాయకం. తీగలను విప్పేముందు ఛార్జింగును ఆపాలి. లేకుంటే విడిపోయే కొనవద్దనే నిప్పురవ్వ పుడుతుంది.

నీటి మట్టం తగ్గితే స్వేదనజలాన్ని మాత్రమే చేర్చాలి. బ్యాటరీ బలహీనపడిందని ఆమ్లం పోయడం తరచుగా జరిగే పొరపాటు. ఆవిరయ్యేది నీరే కాని ఆమ్లం కాదు. అదనపు ఆమ్లం సాంద్రతను పెంచి హైడ్రోమీటరులో ముల్లు బాగున్నట్లు చూపించినా, పలకల క్షయాన్ని వేగవంతం చేస్తుంది. పలకలు మునిగి ఉన్నంతవరకు, పూర్తి ఛార్జి తరువాతనే నీటిని నిర్ణీత మట్టానికి నింపడం ఉత్తమం. ఛార్జింగులో ద్రవం ఉబికి పొంగే అవకాశం ఉంటుంది. హైడ్రోమీటరుతో ఆరు సెల్లులనూ విడివిడిగా పరీక్షించినప్పుడు అయిదు సమానంగా ఉండి, ఒకటి మాత్రమే బాగా తక్కువ చూపితే ఆ బ్యాటరీ జీవితం ముగింపుకు వచ్చినట్లు భావించాలి.

4. నికెల్ సెల్లులు:

వాడుకలో పెన్సిల్ సెల్లులని పిలిచే ఏఏ పరిమాణపు నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లు వోల్టేజీ 1.2. సెల్లు నిండినప్పుడు దాని వోల్టేజీ కొద్ది మిల్లీవోల్టులు తగ్గుతుంది. వేగంగా ఛార్జి చేసే ఛార్జర్లు సాధారణంగా ఈ స్వల్పమైన తగ్గుదలను గుర్తించి ప్రవాహాన్ని ఆపుతాయి. పాత సెల్లులో ఈ గుర్తు అస్పష్టమవుతుంది. గుర్తు దొరకని ఛార్జరు విద్యుత్తును అందిస్తూనే ఉంటుంది. అది ఉష్ణంగా మారుతుంది. లోపలి పీడనం మితిమీరితే సెల్లు కవాటం తెరుచుకొని ద్రవం బయటికి వస్తుంది.

చౌకరకం ఛార్జర్లలో రెండేసి సెల్లులను జంటగా ఛార్జి చేసే పద్ధతి ఉంటుంది. కొత్తదానిని పాతదానితో జతచేస్తే బలహీనమైనది ముందుగా నిండి, రెండవది నిండేవరకు అధికఛార్జిని భరిస్తుంది. అందువల్ల ప్రతి సెల్లునూ విడిగా పరిశీలించే ఛార్జరును, కాలపరిమితి గలదానిని ఎంచుకోవాలి. 2000 మిల్లీఆంపియర్-గంటల సెల్లును 200 మిల్లీఆంపియర్లతో సుమారు 16 గంటలు ఛార్జి చేయడం ప్రామాణికమైన నిదానపద్ధతి. ఒకసారి వాడి పారవేయవలసిన మామూలు సెల్లులను ఈ ఛార్జర్లలో ఉంచరాదు.

నికెల్-కాడ్మియం కాలం నుంచి "పూర్తిగా ఖాళీ చేసిన తరువాతే ఛార్జి చేయాలి" అనే నమ్మకం ప్రచారంలో ఉంది. ఆ రసాయనానికి కొంత వర్తించిన ఈ సూత్రం సీసం బ్యాటరీకి, లిథియం బ్యాటరీకి హాని చేస్తుంది. ఒక తరం సాంకేతికతకు చెందిన అలవాటు మరొక తరానికి భద్రతానియమం కాజాలదు.

5. లిథియం-అయాన్ బ్యాటరీ:

చాలా రకాల లిథియం-అయాన్ సెల్లుల సాధారణ గరిష్ఠ వోల్టేజీ సుమారు 4.2. ఛార్జరు తొలుత స్థిరమైన ప్రవాహాన్ని, ఆ గరిష్ఠాన్ని చేరిన తరువాత స్థిరమైన వోల్టేజీని అందిస్తుంది. ఋణధ్రువంపై ఏర్పడే సన్నని రక్షణపొర బ్యాటరీ మనుగడకు అవసరమే కాని, అది ఏళ్ల తరబడి మందమవుతూ లిథియాన్ని హరిస్తుంది, నిరోధాన్ని పెంచుతుంది. విద్యుద్విశ్లేష్యం విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి. పాత ఫోను వెనుక మూత పైకి లేవడానికి కారణం ఈ వాయువులే.

ఇటువంటి సెల్లులతో కూడిన మూడు వరుసల ల్యాప్‌టాప్ బ్యాటరీకి పూర్తి వోల్టేజీ 12.6. ఒక వరుస 4.35 వద్ద, మిగిలిన రెండు 4.125 వద్ద ఉన్నా మొత్తం 12.6 వోల్టులే. మొత్తం సరిగానే ఉంది. ఒక సెల్లు మాత్రం హద్దు దాటింది. ప్రతి వరుసనూ వేరుగా గమనించి ప్రవాహాన్ని ఆపడం బ్యాటరీలోని నియంత్రణ వలయం పని. దానిని తప్పించి, మరమ్మతు పేరిట నేరుగా తీగలు కలిపి ఛార్జి చేయడం చివరి రక్షణను తొలగించడమే అవుతుంది.

నెలల తరబడి ఖాళీగా పడివున్న పవర్‌బ్యాంకు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. వోల్టేజీ మరీ పడిపోయినప్పుడు ఋణధ్రువానికి ఆధారమైన రాగిరేకు కరిగి, తిరిగి ఛార్జి చేసినప్పుడు లోపల రాగి పేరుకొని షార్టుకు దారితీయవచ్చు. ఛార్జి తీసుకోవడానికి నిరాకరించే బ్యాటరీ చాలాసార్లు తనను తాను కాపాడుకుంటున్నదని గ్రహించాలి.

సెల్లులో ధ్రువాలను వేరుచేసే పాలిథిలీన్ పొర సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. అంతకంటె ముందే రక్షణపొర విచ్ఛిన్నమై ఉష్ణాన్ని వెలువరిస్తుంది. ఉష్ణం చర్యను, చర్య ఉష్ణాన్ని పెంచుకుంటూ పోయే ఈ స్థితి మొదలైన తరువాత ప్లగ్గు తీసినంత మాత్రాన అది ఆగదు. కాబట్టి లిథియం బ్యాటరీ విషయంలో భద్రత అంటే ముందుగా నివారించడమే.

6. ఉష్ణోగ్రత, స్థలం, సమయం:

లిథియం బ్యాటరీలను సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యనే ఛార్జి చేయాలి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో నీడపట్టున ఉష్ణోగ్రతే ఈ హద్దును తాకుతుంది. ఎండలో నిలిపిన స్కూటరును ఇంటికి తెచ్చిన వెంటనే కాక, చల్లబడిన తరువాత ఛార్జి చేయాలి. సీసం బ్యాటరీ పరిసర ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగితే దాని జీవితకాలం దాదాపు సగమవుతుంది. 25 డిగ్రీలకు మించిన ప్రతి డిగ్రీకీ సెల్లుకు సుమారు 3 మిల్లీవోల్టుల చొప్పున నిలకడ వోల్టేజీని తగ్గించాలి. అంటే 40 డిగ్రీల గదిలో 13.8 వోల్టులకు బదులు దాదాపు 13.5 వోల్టులు చాలు. ఈ సవరణ లేని ఛార్జరు, పాతబడిన బ్యాటరీ, మండువేసవి కలిసినప్పుడు ప్రమాదావకాశం హెచ్చుతుంది.

పరుపు, దిండు, సోఫా ఉష్ణాన్ని బయటికి పోనివ్వవు. గచ్చు లేదా రాతిపలక వంటి మండని తలం, గాలి ఆడే చోటు, ఇంటివారు మెలకువగా ఉండే సమయం ఛార్జింగుకు అనువైనవి. ఇంటినుంచి బయటపడే దారిలో, ప్రత్యేకించి గుమ్మం వద్ద, స్కూటరు బ్యాటరీని ఛార్జి చేయరాదు. మంటలు లేస్తే తప్పించుకునే మార్గమే మూసుకుపోతుంది.

7. ఛార్జింగు మానవలసిన సూచనలు:

ఈ లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా బ్యాటరీని తిరిగి ఛార్జి చేయరాదు:

అ) పెట్టె లేదా సెల్లు ఉబ్బడం, పగలడం, ద్రవం కారడం.
ఆ) చేయి ఆనించలేనంత వేడి, వింతవాసన, బుసబుస శబ్దం.
ఇ) మామూలు సమయానికి మించి ఎంతసేపు ఉంచినా నిండకపోవడం, లేదా నిమిషాలలోనే నిండినట్లు చూపడం.
ఈ) ఒక సెల్లులో మాత్రమే నీరు పదేపదే తరిగిపోవడం.

ఉబ్బిన లిథియం బ్యాటరీని గుచ్చడం, నొక్కడం ప్రాణాపాయకరం. దానిని మండే వస్తువులకు దూరంగా ఉంచి సేకరణ కేంద్రానికి చేర్చాలి. పొగ వెలువడితే అందరూ బయటికి వచ్చి 101కు ఫోను చేయాలి. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులపై ఉంది. వాటిని ఇతర చెత్త నుంచి వేరుచేసి సేకరణకు అప్పగించడం వాడుకరి బాధ్యత.

8. ముగింపు:

పాతబడిన ప్రతి బ్యాటరీ ప్రమాదకరం కాదు. నిదానంగా, చల్లని చోట, పర్యవేక్షణలో ఛార్జి చేస్తే అది మరికొంతకాలం సేవ చేయగలదు. అయితే సాధారణ ఛార్జరుకు బ్యాటరీ వయసు తెలియదు. పచ్చదీపం వెలగడం ఛార్జింగు ముగిసిందని తెలుపుతుందే తప్ప, బ్యాటరీ ఆరోగ్యంగా ఉందని ధ్రువీకరించదు. ఆ రెండింటి మధ్య గల వ్యత్యాసాన్ని వేడి, వాసన, ఉబ్బు, సమయం అనే సూచనల ద్వారా కనిపెట్టవలసినది మనిషే. కొత్త బ్యాటరీ ఖర్చును మరికొన్ని నెలలు వాయిదా వేయాలనుకునే కుటుంబం తన నిర్ణయాన్ని దీపం రంగును బట్టి కాక, ఈ సూచనలను బట్టి తీసుకోవడం శ్రేయస్కరం.